అన్నము, నల్ల గింజలు, నంజుకొనుటకు

ఈ పత్రికలో వంటలను గురించి సోదరీమణులు వ్రాస్తూనే ఉంటారు. మేమిద్దరము కలిసి వ్రాయుట ఇదే మొదలు. మాలో ఒకరు ముప్పై నాలుగు సంవత్సరాలు పల్లెటూరి బడిలో పాఠాలు చెప్పిన పంతులు. ఇంకొకరు ఆ పంతులుకు అన్నము వండి పెట్టిన మనిషి. సంగతులు ఒకరివి, అక్షరాలు ఒకరివి. ఎక్కడైనా ఉప్పు ఎక్కువైతే ఎవరిని అనాలో పాఠకులే తేల్చుకోవచ్చును.

2023 ఫిబ్రవరిలో మేము అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రములో, టాంపా పట్టణములో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళాము. రెండవ కాన్పు. ఒక పెట్టె నిండా శొంఠిపొడి, వెల్లుల్లి కారము, వాము, పాత చీరలు చింపి మడతపెట్టిన గుడ్డలు. ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమము. అయిదేళ్ళ మనవడు చెల్లెలి వేళ్ళు లెక్కపెట్టి, అన్నీ ఉన్నాయని మాకు చెప్పాడు.

మార్చి రెండవ వారములో అల్లుడు పని చేసే కంపెనీ ఒకే రోజున చాలామందిని తీసివేసింది. ఆ సంవత్సరము అక్కడ కంప్యూటరు ఉద్యోగులకు ఇటువంటివి ఎన్నో జరిగాయి. ఆయన వీసాకు ఒక నియమమున్నది. ఉద్యోగము పోయిన నాటి నుండి 60 రోజులలోగా మరియొక కంపెనీ ఆయన పేర కాగితాలు దాఖలు చేయాలి, లేదా వేరే వీసాకు మారాలి, లేదా దేశము విడిచి వెళ్ళాలి. అమ్మాయికి అక్కడ పని చేసే అనుమతి లేదు. పచ్చి బాలింత. కాన్పు బిల్లులో మా వంతు ఇంకా మిగిలే ఉన్నది. ఇంటి అద్దె ఎవరి కష్టము కోసమూ ఆగదు.

అల్లుడు ఆ రాత్రి అన్నము ముందు కూర్చుని, “మామయ్యగారూ, మీరేమీ అనుకోకండి, రెండు నెలలు కాస్త జాగ్రత్తగా ఉందాము” అన్నాడు. ఆ ‘జాగ్రత్త’ అనే మాట మాకు ఇద్దరికీ గ్రుచ్చుకొన్నది. ఆ ఇంట్లో అదనముగా ఉన్న రెండు నోళ్ళు మావే. వెళ్ళిపోదామంటే బిడ్డకు నెల నిండలేదు, టిక్కెట్టు మార్చుకోవాలన్నా డబ్బు కావాలి. మేము పక్క గదిలోనికి పోయి తలుపు వేసికొని, ఎవరికీ వినబడకుండా, రోజుకు ఒక పూట భోజనము మానుదామని ఒప్పందము చేసికొన్నాము. మూడవ రోజునే అమ్మాయి కనిపెట్టి ఏడ్చింది. పాలిచ్చే తల్లిని ఏడిపించినందుకు ఆ ఒప్పందము రద్దు చేసికొన్నాము.

ఆ వారములోనే క్రింది వాటాలో ఉండే క్యూబా దేశపు ముసలమ్మగారు బిడ్డను చూడడానికి వచ్చారు. చేతిలో మూత పెట్టిన గిన్నె. ఆమెకు స్పానిషు భాష తప్ప మరేమీ రాదు, మాకు అది రాదు. గిన్నె మూత తీస్తే లోపల నల్లగా, చిక్కగా, మిలమిల మెరుస్తూ ఉన్నది. ఉలవచారే అనుకొన్నాము. వాసన మాత్రము వేరు. నల్ల చిక్కుడు గింజలట. ఇంకొక పళ్ళెములో తెల్లని అన్నము, బాగా మాగిన కూర అరటిపండు ఏటవాలుగా కోసి వేయించిన ముక్కలు, పచ్చి ఉల్లిపాయ చక్రాలు, ఒక నిమ్మచెక్క. మా మనవడు అరటి ముక్కలు మాత్రమే ఏరుకొని తిన్నాడు. మిగిలినది మేము తిన్నాము. పంతులు గిన్నె అడుగును అన్నముతో తుడిచి తిన్న సంగతి ఇక్కడ వ్రాయనక్కర లేదు గాని, వండే మనిషి వ్రాయమంటున్నది.

టాంపాలో క్యూబా వారు నిన్న మొన్న వచ్చినవారు కారు. 1886 ప్రాంతములో అక్కడి ఈబోర్ సిటీ అనే పేటలో చుట్టల ఫ్యాక్టరీలు లేచాయి. క్యూబా నుండి, స్పెయిన్ నుండి చుట్టలు చుట్టే పనివారు వేలకొలది వచ్చి స్థిరపడ్డారు. ఆ ఫ్యాక్టరీలలో ఎత్తయిన పీట మీద ఒక చదువరి కూర్చుని, పనివారు చేతులతో చుట్టలు చుడుతుండగా, వార్తాపత్రికలూ నవలలూ గట్టిగా చదివి వినిపించేవాడట. అతని జీతము పనివారే తలా కొంత వేసికొని ఇచ్చేవారు. 1931లో యజమానులు ఆ ఏర్పాటు తీసివేశారు. పొగాకును మేము సమర్థించము. మా జిల్లాలో దాని వలన అప్పులపాలైన రైతులను చూచినవారము. కాని కూలివారు తమ కూలిలో నుండి ఒక చదువరికి జీతమిచ్చారన్న సంగతి పంతులుకు ఎంతో నచ్చి, ఆ వారమంతా అదే మాట చెప్పాడు.

ఆ వంట పద్ధతి వంటగదిలో నిలబడి చేతి సైగలతోనే నేర్చుకొన్నాము. గింజలు రాత్రి నానబోసి, ఉదయము ఆ నీళ్ళు పారబోయాలి. ఇది తప్పక చేయాలి. మళ్ళీ క్రొత్త నీళ్ళు పోసి, బిరియానీ ఆకు ఒకటి వేసి, తెర్లేటట్లు బాగా ఉడికించాలి. ఈ చిక్కుడు జాతి గింజలను సగము ఉడికినవి తింటే కడుపు నొప్పి, వాంతులు వస్తాయి. రాజ్మా గింజలకు కూడ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది, రెండూ ఒక జాతివే గనుక. మన కుక్కరులో నానిన గింజలకు నాలుగైదు కూతలు సరిపోయినవి. ఉల్లిపాయ, వెల్లుల్లి, పచ్చని బెంగుళూరు మిరపకాయ సన్నగా తరిగి నూనెలో నిదానముగా మగ్గించి, జీలకర్ర పొడి, ఒరెగానో అనే ఎండు ఆకు వేసి, ఉడికిన గింజలలో కలిపి, కొన్ని గింజలను గరిటెతో నలిపి చిక్కబరచాలి. దించే ముందు ఒక చెంచా సిర్కా, చిటికెడు పంచదార. ఆ ఒరెగానో ఆకు వాసన చూస్తే అచ్చము మన వాము. ఇంట్లో అది అయిపోయినప్పుడు మేము వామే నలిపి వేశాము. ముసలమ్మగారు రుచి చూచి కనుబొమలు ఎగురవేశారు. మెచ్చుకొన్నారో, క్షమించారో తెలియలేదు.

అన్నమూ నల్ల గింజలూ కలిపి ఒకే గిన్నెలో వండితే దానికి వారు పెట్టిన పేరు ‘మోరోస్ ఇ క్రిస్టియానోస్’. మూరులు, క్రైస్తవులు అని అర్థము. నల్ల గింజలు మూరులట, తెల్ల అన్నము క్రైస్తవులట. స్పెయిన్ దేశములో 711 నుండి 1492 వరకు ముస్లిము రాజులకూ క్రైస్తవ రాజులకూ నడచిన పోరాటాల జ్ఞాపకము అది. ఆ పేరు మాకు నచ్చలేదు. మనుష్యుల రంగు చూచి కూరలకు పేర్లు పెట్టుట ఏమి సొగసు? తినడానికి మాత్రము బాగుంటుంది.

ముసలమ్మగారి ద్వారానే మాకు ఇంకొక సంగతి తెలిసింది. ఆమె వెళ్ళే సంఘము వారు ప్రతి గురువారము హాలులో ఆహారపు సంచులు పంచుతారు. ఎవరైనా వెళ్ళవచ్చును. అమ్మాయి ఆ మాట తెలుగులో చెప్పేసరికి మాకు నోట మాట రాలేదు.

ఎందుకంటే, మేము పంచేవారము. మా ఊరిలో స్త్రీల సమాజము వారు ప్రతి పూట ఎసట్లో బియ్యము పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. నెలకొకసారి అవన్నీ సంఘములో పోగుచేసి లేనివారికి ఇస్తారు. ఇరవై ఏళ్ళకు పైగా మా ఇంటి డబ్బా ఒక్క నెల కూడ వెలితిగా పోలేదు. క్రిస్మసుకు ముందు విధవరాండ్రకు బియ్యము ఇచ్చేటప్పుడు ఆరాధన అయిన తరువాత పేర్ల జాబితా చదివేది పంతులే. పేరు పిలిస్తే వారు లేచి, ముందుకు వచ్చి, చెంగు పట్టి తీసికొని వెళ్ళేవారు. అట్టి మేము, పరదేశములో, వరుసలో నిలబడి సంచి పుచ్చుకోవడమా? పంతులు రానన్నాడు. వండే మనిషి, “పిల్లవాడికి నేను చెప్పలేను, మీరే చెప్పండి” అని లేచి చెప్పులు తొడుక్కొన్నది. అప్పుడు ఇద్దరమూ వెళ్ళాము.

హాలులో పేరు అడగలేదు. ఊరు అడగలేదు. ఉద్యోగము ఎందుకు పోయిందని అడగలేదు. ఒక అబ్బాయి కాగితము పట్టుకొని, ఇంట్లో ఎంతమంది అని మాత్రమే అడిగాడు. పంతులు “నలుగురము” అన్నాడు. అమ్మాయి, అల్లుడు, ఇద్దరు పిల్లలు. మమ్మును మేము లెక్కలో నుండి తీసివేసికొన్నాము. పక్కన నిలబడిన ముసలమ్మగారికి ఇంగ్లీషు రాకపోయినా అంకెలు తెలుసు. ఆమె మా ఇద్దరి భుజాల మీద చేయి వేసి, ఒక చేతి అయిదు వేళ్ళూ రెండవ చేతి బొటనవేలూ ఆ అబ్బాయికి చూపించి, “సెయిస్! సెయిస్!” అని అరచినంత పని చేశారు. ఆరుగురము. సంచి మార్చి పెద్దది ఇచ్చారు. ఇంటికి వచ్చేదాకా మాలో ఎవరమూ మాటలాడలేదు.

సంచిలో బియ్యము, రెండు పొట్లాల నల్ల గింజలు, ఉల్లిపాయలు, నారింజలు, మొక్కజొన్న డబ్బాలు. వారము వారము కొద్ది మార్పులు. గింజలు మాత్రము తప్పవు. ఇక వండే మనిషికి పరీక్ష మొదలయింది. అయిదేళ్ళవాడు, “అమ్మమ్మా, మళ్ళీ నల్లదేనా?” అంటాడు. నల్లదే. దాని ప్రక్కన ఏమి పెట్టాలన్నదే ప్రశ్న.

మొదట మన దారి పట్టి పెద్ద పొరపాటు చేశాము. మినుముల పొట్టు కూడ నలుపే గదా అని గింజలు నానబెట్టి రుబ్బి గారెలు వేశాము. మినుపపిండిలో జిగురుంటుంది, రుబ్బితే పొంగుతుంది. ఈ గింజలో ఆ గుణము లేదు. పైగా లోపల ఉడకలేదు. పిడకల వంటి ఆ గారెలను పారవేసినాము. మా వైపు వరి కోయక ముందే ఆ మాగాణి తడిలో మినుములు చల్లుతాము, ఆ గింజలో మా బ్రతుకంతా గడిచింది. అయినా మినుము గుణము దీనికి లేదని ఆ గారెలు చెప్పేదాకా మాకు తెలియలేదు.

రెండవ ప్రయత్నము కుదిరింది. గింజలు ఉడికిన నల్ల నీళ్ళు వంచి, చింతపండు పులుసు, కొంచెము బెల్లము, ఎండుమిర్చి, వెల్లుల్లి పోపుతో కాచితే ఉలవచారుకు తమ్ముడి వంటి చారు తయారైంది. చింతపండు అక్కడ స్పానిషు వారి దుకాణములలో కూడ దొరుకుతుంది. ఒక్క మాట జ్ఞాపకముంచుకోవాలి. పులుపు ఎప్పుడైనా గింజ మెత్తబడిన తరువాతనే వేయాలి. ముందు వేస్తే ఎంత మంట పెట్టినా గింజ బిగుసుకొనే ఉంటుంది. ఈ చారులో అల్లుడికి మీగడ వేసి పెడితే, ఉద్యోగము పోయిన తరువాత మొదటిసారి మారు వడ్డించమన్నాడు.

కోస్టారికా దేశము వారు రాత్రి మిగిలిన అన్నమునూ నల్ల గింజలనూ ఉదయము ఉల్లిపాయతో కలిపి వేయించి, గుడ్డుతో తింటారట. దానికి ‘గాయో పింటో’ అని పేరు, మచ్చల కోడిపుంజు అని అర్థము. ఈ పేరు మాకు నచ్చింది. చద్దన్నము పారవేయని వారు ఎక్కడివారైనా మన బంధువులే. పైన కొత్తిమీర చల్లి, ఒక గుడ్డు పొరటి పెట్టితే మనవడు ‘మచ్చల కోడి’ కావాలని రోజూ అడిగేవాడు. మధ్యాహ్నము ఆ ‘నల్లది’ వద్దన్నవాడే పొద్దున అదే తిన్నాడు.

బ్రెజిల్ వారు నల్ల గింజలను పంది మాంసముతో వండి, ప్రక్కన సన్నగా తరిగిన ఆకుకూర వెల్లుల్లితో వేయించి, వేయించిన కర్రపెండలపు పిండి చల్లి, నారింజ తొనలు పెడతారు. మాంసము మాకు లేదు గాని తక్కినవి వీలైనంత చేశాము. కూరతో పండు ఏమిటని మొదట నవ్వినా, దానిలో ఒక యుక్తి ఉన్నది. గింజలలోని ఇనుము ఒంటికి పట్టాలంటే నారింజ, నిమ్మలలోని సి విటమిను తోడ్పడుతుంది. బాలింతకు రక్తము పట్టాలి గనుక నారింజలన్నీ అమ్మాయికే కేటాయించాము. కర్రపెండలమును ఉడికించి, వేడి నూనెలో వెల్లుల్లి వేయించి నిమ్మరసము పిండి దాని మీద పోస్తే క్యూబా పద్ధతి. పెద్దాపురము, సామర్లకోట వైపు సగ్గుబియ్యము కోసము ఈ దుంప పండిస్తారు. ఆ ప్రాంతపు పాఠకులు ఒకసారి చేసి చూడవచ్చును, బాగా ఉడికించి మాత్రమే.

ఒండిన గింజలు ఒక కప్పులో సుమారు 15 గ్రాముల మాంసకృత్తులు, అంతే పీచు ఉంటాయి. బియ్యములో కొరవడినది గింజలో ఉన్నది, గింజలో కొరవడినది బియ్యములో ఉన్నది. కాబట్టే ఎన్నో దేశాల బీదవారు ఈ రెంటినీ జతచేసి బ్రతికారు. పంతులుకు చక్కెర వ్యాధి. అన్నము సగానికి తగ్గించి గింజలు పెంచితే ఆ రెండు నెలలూ ఆయనకు కాస్త తేలికగా ఉన్నది. గ్యాసు మాట నిజమే. నానబోసిన నీళ్ళు పారబోయుట, ఇంగువ, వాము, ఇంతకంటె మందు మాకు తెలియదు.

ఒకరోజు భోజనము దగ్గర పంతులు, “చిక్కుడుకాయల వంటకమునకు జ్యేష్ఠత్వము అమ్ముకొన్న ఏశావును ఇన్నాళ్ళు తప్పు పట్టాను. ఆకలి సంగతి తెలియక” అన్నాడు. ఈ నల్ల గింజ అమెరికా ఖండములలో పుట్టినది, ఏశావు దానిని చూచియుండడు, ఆయన తిన్నది ఎర్రని మసూరు పప్పు వంటిది. అది ఆయనకూ తెలుసు. అల్లుడు మాత్రము తల వంచుకొని, “మామయ్యగారూ, నేను కూడ ఏ జీతానికైనా సరే అనేటట్లున్నాను” అన్నాడు. మేమెవ్వరమూ నవ్వలేదు.

యాభై నాలుగవ రోజున ఇంకొక రాష్ట్రములోని కంపెనీ ఒకటి కాగితాలు దాఖలు చేసింది. జీతము ముందటి కంటె తక్కువ. ఆయన సరే అన్నాడు. సామాను కట్టే రోజున ముసలమ్మగారు గిన్నె తెచ్చారు. మేము ఆమె ఖాళీ గిన్నెలో మన నల్ల చారు పోసి ఇచ్చాము. ఆమె నిలబడే తాగి, గిన్నె కడగకుండానే మమ్మును కౌగిలించుకొన్నారు.

జూలైలో ఇంటికి చేరాము. ఇక్కడ మా ఊరిలో ఆ గింజలు దొరకవు. కావాలని వెదకడము కూడ అనవసరము. ఉలవలు ఉన్నవి, బొబ్బర్లు ఉన్నవి. ఉలవచారులోనికి పచ్చి అరటికాయ వేపుడు, ఊరమిరపకాయ, పచ్చి ఉల్లిపాయ, ఉడికిన గుడ్డు, ఆదివారమైతే ఎండు చేపల వేపుడు. బొబ్బర్లను ఆ క్యూబా పద్ధతిలోనే ఉల్లి, వెల్లుల్లి, జీలకర్రతో వండి, అన్నములో నిమ్మకాయ పిండుకొని తింటే పిల్లలు ఇష్టపడతారు. అమెరికా దక్షిణ రాష్ట్రముల వారు ఈ బొబ్బర్లనే అన్నముతో వండి క్రొత్త సంవత్సరము రోజున తప్పక తింటారు. ఉలవలలో మిగిలిన గుగ్గిళ్ళను పారవేయక కొబ్బరి, కారము జల్లి సాయంకాలము పెట్టండి.

ఆ క్రిస్మసుకు బియ్యము పంచేటప్పుడు సంఘ పెద్దలు ఎప్పటివలెనే పంతులు చేతికి జాబితా ఇచ్చారు. ఆయన దానిని మడిచి జేబులో పెట్టుకొని, చీకటి పడిన తరువాత మా ఇద్దరమూ సంచులు సైకిలు మీద వేసికొని ఇల్లిల్లూ తిరిగాము. ఒక అవ్వ, “అయ్యగారూ, నా పేరు పిలవలేదని కొట్టేశారేమో అనుకొన్నాను” అన్నది. పదకొండు ఇళ్ళు. చివరి ఇంట్లో ఇద్దరే ఉంటారని జాబితాలో ఉన్నది, లోపల నలుగురు ఉన్నారు. కూతురు పిల్లవాడితో పుట్టింటికి వచ్చిందట. మరునాడు మా డబ్బాలోని బియ్యము కూడ అక్కడికే పోయింది. ఉలవలు ఒక శేరు కలిపి, నానబోసిన నీళ్ళు పారబోయమని చెప్పి వచ్చాము.